అన్నిటికీ ఫిల్టరే ముద్దాయి

గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే దారిలో, మిర్చి కల్లాల పక్కన ఓ ఇంజినీరింగ్ కాలేజీ. అక్కడి సిస్టమ్ అడ్మిన్‌ని అందరూ ‘నెట్ సార్’ అంటారు. ఆయన చూసుకునే వెబ్ ఫిల్టర్ సర్వర్‌కి మాత్రం పేరు లేదు, నేరాలే ఉన్నాయి. వీడియో ఆగినా అదే, వైఫై అందకపోయినా అదే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా అదే.

“ఏమయ్యా, మళ్లీ నీ ఫిల్టరేనా?” ప్రిన్సిపాల్ గారి ఫోను.

“చూస్తున్నాను సార్.”

ఆ డబ్బాలో ఉన్నది స్క్విడ్. 1996లో పుట్టిన ఉచిత ప్రాక్సీ. మామూలుగా 3128 పోర్టు దగ్గర కూర్చుంటుంది. ఒకరు చూసిన పేజీని దాచిపెట్టి మరొకరికి ఇవ్వడం దాని అసలు ఉద్యోగం. ఇప్పుడు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ సైట్లే కావడంతో ఆ ఉద్యోగం ఊడి, వాచ్‌మన్ పని మిగిలింది.

సెమిస్టర్ ఫలితాల రోజున కాలేజీ అంతా ఒకే సైటు మీద పడుతుంది. పేజీ రాదు. లాగ్ తెరిస్తే వరుసగా 503లు. 403 ఉంటే ఆపింది ఫిల్టరే. 503 అంటే అది బయటికి వెళ్లి తలుపు కొట్టింది, అవతల తీసేవాళ్లు లేరు. ఈ తేడా స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పినా టీ చల్లారడం తప్ప ఫలితం లేదు.

సాయంత్రం నెట్ పాకుతుంటే మాత్రం లాగ్ ఒక్కటే సరిపోదు. స్క్విడ్ ఏ కనెక్షన్‌నైనా అది ముగిశాకే లాగ్‌లో రాస్తుంది. బయటికెళ్లే లారీలను మాత్రమే పుస్తకంలో ఎక్కించే మిర్చి యార్డు గుమాస్తా అన్నమాట. లోపల అడ్డంగా నిలబడ్డ లారీ ఆ పుస్తకంలో ఉండదు. అందుకే నెట్ సార్ ‘ఐఎఫ్‌టాప్’ నడిపి, ఈ క్షణాన ఎవరెంత లాగుతున్నారో చూస్తారు. హాస్టల్లో ఓ గది కొత్త గేమ్ దించుకుంటోంది. నెట్ స్లో అని అందరికంటే ముందు ఫిర్యాదు చేసింది ఆ గదే!

ఇంకోసారి జబ్బు వేరు. కొత్త సైటు ఏది కొట్టినా అయిదు సెకన్లు తెల్లమొహం, ఆపైన పరుగు. రద్దీ అయితే ఒకసారి రెండు సెకన్లు, ఒకసారి పది పడుతుంది. ఇంత క్రమశిక్షణ దానికెక్కడిది? టీసీపీడంప్‌లో 53వ పోర్టు, అంటే సైటు పేరు చెప్పి అడ్రసు అడిగే దారి, చూస్తే గుట్టు తెలిసింది. మొదటి నేమ్ సర్వర్‌కి ప్రశ్న వెళుతోంది, జవాబు లేదు. స్క్విడ్ మామూలుగా 5 సెకన్లు ఆగి గానీ మళ్లీ అడగదు. ఇంతలో పెద్ద లైను కోసం కొటేషన్లు కూడా వచ్చేశాయి. చివరికి చేసిన వైద్యం: కాన్ఫిగ్ ఫైలులో ఒక లైను చెరపడం.

ఫిల్టర్ నిజంగా తప్పు చేసిన రోజూ ఒకటుంది. ఓ విద్యార్థి పత్తి పురుగుల మీద ప్రాజెక్టు చేస్తున్నాడు. ఈ ప్రాంతపు పత్తి రైతుకి గులాబీ రంగు పురుగు ఎంత తెలుసో, దానికి కట్టే లింగాకర్షక బుట్టలూ అంతే తెలుసు. వాటి ఇంగ్లీషు పేరున్న పీడీఎఫ్ ఒక పాత హెచ్‌టీటీపీ సైటులో ఉంది. ఫిల్టర్ ఆ పేరులో మూడక్షరాలు చూసి సిగ్గుపడి 403 కొట్టింది. పిల్లవాడు వదలలేదు, అదీ వదలలేదు. లాగ్ నిండా అదే గొడవ. 1996లో అమెరికా కంపెనీ ఏఓఎల్ ఫిల్టర్ కూడా ఇంగ్లండులోని స్కన్‌థోర్ప్ వాసులను, ఊరి పేరులో బూతు దొరికిందని, ఖాతాలు తెరవనివ్వలేదు. చిత్రమేమిటంటే, హెచ్‌టీటీపీఎస్ తాళం వేసుకున్న పేజీల్లో ఏముందో ఈ ఫిల్టర్‌కి కనపడదు, సైటు పేరే కనపడుతుంది. పాపం, పురుగుల బుట్టే దొరికింది.

కాబట్టి నెట్ సార్‌కి ఫోన్ చేసేవారికి మనవి. ‘నెట్ రావట్లేదు’ అని ఊరుకోకండి. ఏ సైటు, ఏ గది, ఎన్ని గంటలకు, ఈ మూడూ చెప్పండి. స్క్విడ్ లాగ్‌లో టైము 1970 జనవరి 1 నుంచి సెకన్లలో ఉంటుంది. ఆ లెక్క ఆయన కట్టుకుంటారు.