బీటెకన్న నిదియె: ఒక ఎలక్టివ్ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
కోర్సు లెన్ని యున్నఁ గోరిక తీరదు
మంది లేక యున్న మాయ మగును
సీనియర్లు చెప్పఁ జేరుదు రందఱు
బీటెకన్న నిదియె బిడ్డ వినుము

అవతారిక: ఎలక్టివ్ ఎంచుకొమ్మని గూగుల్ ఫామ్ వచ్చింది. సాయంత్రం ఐదింటికి మూసేస్తారట. మూడో సంవత్సరం సీఎస్‌ఈ కుర్రాడొకడు సిలబస్ కాపీ ముందేసుకొని, సమోసా చల్లారుతున్నా ముట్టకుండా క్యాంటీన్‌లో కూర్చున్నాడు. ఎదుటి కుర్చీలోని నాలుగో సంవత్సరం మహానుభావుడు జాలిపడి ఈ పద్యం చెప్పుచున్నాడు. కవి పేరు తెలియదు. ల్యాటరల్ ఎంట్రీవాడై ఉంటాడని కొందరి ఊహ. పాలిటెక్నిక్ మీదుగా వచ్చినవారికే ఇంత లోకజ్ఞానం ఉంటుందని వారి వాదన.

ప్రతిపదార్థం: కోర్సులు = సిలబస్‌లో ‘ప్రొఫెషనల్ ఎలక్టివ్’ అను శీర్షిక కింద బారులు తీరినవి; ఎన్ని ఉన్నన్ = ఎన్ని అచ్చువేసినప్పటికిని; కోరిక = గ్రాఫ్ థియరీ చదువుదామన్న ముచ్చట; తీరదు = తీరదు; మంది = ఒక గది నిండుటకు చాలినన్ని రోల్ నంబర్లు (ఈ సంఖ్య కాలేజీకొక తీరు); లేక ఉన్నన్ = పోగుపడనిచో; మాయమగును = మర్నాటి టైంటేబుల్‌లో కానరాదు; సీనియర్లు = ఆ పరీక్ష దాటినవారును, ఇంకను దాటుచున్నవారును; చెప్పన్ = సెలవీయగా; చేరుదురు అందఱు = ప్రాక్సీ వేయించుకొనువారితో సహా చేరుదురు; బీటెక్ అన్నన్ = బి.టెక్. అనగా; ఇదియె = ఇంతియె; బిడ్డ = ఓయి జూనియరూ; వినుము = ఫోను పక్కన పెట్టుము.

తాత్పర్యం: జాబితాలో ఉన్నంత మాత్రాన దొరకదు, పదిమందీ ఏది పెడితే నీకూ అదే.

విశేషాలు: ‘కోర్సు లెన్ని యున్న’ అనడంలో కవి లెక్క తెలిసే మాట్లాడాడు. ఏఐసీటీఈ 2018 నమూనా ప్రణాళికలో డిగ్రీ మొత్తానికి 160 క్రెడిట్లు. వారానికి గంట పాఠం ఒక క్రెడిట్. ల్యాబైతే రెండు గంటలు నిలబడితే గాని ఒకటి రాదు. ఆ 160లో ప్రొఫెషనల్ ఎలక్టివ్‌లకు 18, ఓపెన్ ఎలక్టివ్‌లకు 18 అని స్థూల విభజన; యూనివర్సిటీని బట్టి అటూ ఇటూ అవుతుంది. తక్కినవన్నీ పెద్దలు కుదిర్చినవే. కాబట్టి ‘కోర్సుల ప్లానింగ్’ అని మన కుర్రాడు ఎక్సెల్‌లో రంగులు వేసుకున్నది ఈ 36 క్రెడిట్ల మడిచెక్కలోనే. అందులోనూ నీరు పైనుంచి వదిలితేనే.

ఇక్కడ ఒక శంక. ప్లానింగ్ అంటే ఎలక్టివ్‌లు ఏరుకోవడమేనా? ఏది ముందు, ఏది వెనుక అన్నది అసలు విషయం కదా? శంక న్యాయమైనదే. సీ భాష రాకపోతే డేటా స్ట్రక్చర్స్ ఎక్కదు. డిస్క్రీట్ మ్యాథ్స్ లేకుండా అల్గారిథమ్స్‌లో నిరూపణ అర్థం కాదు, ఆటోమేటా తప్పించుకుంటే కంపైలర్స్‌లో పట్టుబడతాడు. ఇలా ముడిపడ్డ పనులను వరుసలో పెట్టడాన్ని టోపొలాజికల్ సార్ట్ అంటారు. దానికి ఆర్థర్ కాన్ 1962లోనే చక్కని పద్ధతి చెప్పాడు. ముందు చేయవలసినది ఏదీ మిగలని పనిని తీసి పక్కన పెట్టు, దాని బాకీ కొట్టెయ్, మళ్లీ అలాంటిదాన్నే వెతుకు. పనులు మిగిలి ఉండగా అలాంటిది ఎక్కడా దొరక్కపోతే వలయం ఉన్నట్టు. మన తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయమని ఎప్పుడో దోషాల్లో చేర్చారు: ఇంటర్న్‌షిప్ కావాలంటే అనుభవం ఉండాలి, అనుభవం రావాలంటే ఇంటర్న్‌షిప్ ఉండాలి. తమాషా ఏమంటే, ఈ సార్ట్‌కు క్లాసులో చెప్పే ఉదాహరణ కాలేజీ కోర్సుల వరుసే. వింటున్నవాడికి ఆ వరుస మార్చే అధికారం లేదని చెబుతున్న మేడమ్‌కూ తెలుసు.

వరుస పెద్దలే పెట్టారు కనుక నిశ్చింత అనుకోవద్దు. మొదటి సెమిస్టర్ గణితం, అంటే ఎం-వన్‌లో మ్యాట్రిక్స్ ఇచ్చి ఐగెన్ విలువలు కనుక్కోమంటారు. అది ష్యూర్ క్వశ్చన్. మూడు బై మూడు డిటర్మినెంట్, లాంబ్డా ఘన సమీకరణం, ఒక మూలాన్ని ఊహించి తక్కినవి రాబట్టడం: నిద్రలో లేపి అడిగినా చేస్తారు. ఎందుకు చేస్తున్నామో ఆ గదిలో ఎవరూ అడగరు. రెండేళ్లు పోయాక మెషీన్ లెర్నింగ్‌లో ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్ అని వస్తుంది. గుట్టగా ఉన్న డేటా ఏ దిక్కున ఎక్కువ పరుచుకుందో చూడాలంటే కావలసినది ఆ పాత ఐగెన్ వెక్టరే. అప్పటికి ఎం-వన్ నోట్సు తూకానికి పోయింది. వరుస సరిగ్గానే ఉంది, వంతెన ఒక్కటే లేదు. నా మటుకు ఎలక్టివ్ ఎంచుకునేవాడు కొత్త సబ్జెక్టుల పేర్లకంటే ముందు తన పాత నోట్సు తిరగేయడమే మంచి ప్లానింగ్. ఈ అభిప్రాయం మూలంలో లేదు, టీకాకారుడి చొరవ.

‘సీనియర్లు చెప్ప’: ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అనే ప్రమాణాల్లో ఇది శబ్దం, ఆప్తవాక్యం. ఇంటర్నల్స్ ఎవరు దిద్దుతారు, ఆల్‌ఇన్‌వన్ దొరుకుతుందా, ఏ యూనిట్ వదిలేయవచ్చు అన్న మూడింట్లో సీనియర్ మాటకు తిరుగులేదు. సబ్జెక్టు బాగుంటుందా అని మాత్రం అడగరాదు. అది ప్రమాణానికి లొంగని విషయం.

ఓపెన్ ఎలక్టివ్ గురించి కవి విడిగా చెప్పలేదు. సివిల్ వాళ్లు చెప్పే డిజాస్టర్ మేనేజ్‌మెంట్‌లో సీఎస్‌ఈ వాళ్లు గుంపుగా చేరడమే దానికి వ్యాఖ్యానం.

పూర్వపక్షం: మంది లేకపోతేనేం, ఎన్‌పీటీఈఎల్‌లో ఒక్కడే చదవవచ్చు కదా? యూజీసీ 2021 నిబంధనలు సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల దాకా ‘స్వయం’ పోర్టల్ ద్వారా చేయనిస్తున్నాయి కదా? సమాధానం: చదవవచ్చు. పన్నెండు వారాల కోర్సు, వారం వారం అసైన్‌మెంట్, వాటిలో మెరుగైన ఎనిమిదింటి సగటుకు 25, సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75. ఇది నిక్కచ్చిగా నీ చేతిలో ఉన్న భాగం. ఆ క్రెడిట్లు మార్కుల మెమోలోకి ఎక్కాలంటే మాత్రం కోర్సు మొదలవక ముందే డిపార్ట్‌మెంట్ ఒప్పుకోవాలి. సర్టిఫికెట్ చేతికొచ్చాక హెచ్‌ఓడీ గది ముందు నిలబడేవారి గురించి వేరే పద్యం రాయవలసి ఉంది.

‘మంది లేక యున్న’ దగ్గర వ్యాఖ్యాతలలో భేదం ఉంది. ప్రాచీనులు దీన్ని విధి అన్నారు. నవ్యులు ఒప్పుకోరు. మందిని ఎవరు తేవాలో కవి చెప్పలేదు, కాబట్టి కోరిక ఉన్నవాడే తేవాలని వారి అన్వయం. మన కుర్రాడు ఈ రెండో పక్షంలోకి మారాడు. సమోసా తిని, తెల్లకాగితం మీద ‘గ్రాఫ్ థియరీ’ అని రాసి, కింద తన రోల్ నంబరు వేసి, సీఆర్‌ను వెంటబెట్టుకొని బి సెక్షన్‌కు వెళ్లాడు. మొదటి బెంచీలో ఇద్దరు సంతకం పెట్టారు. మూడో బెంచీ వాడు అటెండెన్స్ స్ట్రిక్టా అని అడిగాడు. కిటికీ పక్కనున్న అమ్మాయి, ప్లేస్‌మెంట్ కోడింగ్ రౌండ్లలో గ్రాఫ్ ప్రశ్నలు వస్తాయి కదా, పెట్టండ్రా అంది. ఆ ఒక్క మాటతో చివరి బెంచీ దాకా కాగితం నడిచింది.