పోస్టింగు సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: “తాన్యా రాక్షసే, కాదనను. కానీ దాని పోస్టింగు చూడు పాపం. ఆ మేరీ మొహం మాత్రం నాకు చూపించకు.”

అవతారిక. ఈ సూత్రానికి కర్త ఒక్కడు కాడు. కార్లో జెన్ రాసిన నవలలను పట్టుకుని నట్ అనే స్టూడియో 2017లో పన్నెండు భాగాల యానిమే తీసింది. పేరు ‘యోజో సెంకి’. 2019లో దానికి సినిమా కూడా వచ్చింది. చూసినవాళ్ళు ఏ దేశంలో ఏ భాషలో వాదులాడుకున్నా చివరికి తేల్చేది పై మూడు వాక్యాలకు అటూ ఇటూగానే ఉంటుంది. వాటిని రాయపూర్ తెలుగు కుర్రవాడి నోట పెట్టడానికి కారణముంది, అది రెండో వాక్యం దగ్గర బయటపడుతుంది. 1931లో విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పూర్తయ్యాక మనవాళ్ళకు ఈ ఊరు దగ్గరైంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ. జపాను బొమ్మల గురించి మాట్లాడటానికి ఈ మూడూ కావాల్సొస్తాయి. కోలాచలం మల్లినాథుడు మూలంలో లేనిది రాయనని మాటిచ్చి కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. ఇక్కడ మూలమే మూడు వాక్యాలు కనుక ఆ నియమం కాస్త సడలించుకోక తప్పదు.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. టోక్యోలో మానవ వనరుల విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి, పనికిరాడని ఒకణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తాడు. వాడు కక్షకట్టి ఇతన్ని రైలు కిందికి తోసేస్తాడు. చచ్చే క్షణంలో దేవుడు ప్రత్యక్షమైతే ఇతను నమ్మడు సరికదా, ‘ఎక్స్ అనే ఉనికి’ అని పేరుపెట్టి వాదనకు దిగుతాడు. ఫలితం, మొదటి ప్రపంచయుద్ధపు జర్మనీని పోలిన ఒక సామ్రాజ్యంలో అనాథ ఆడపిల్లగా పునర్జన్మ. మంత్రశక్తితో గాల్లో ఎగిరి పోరాడే సైనికాధికారిగా ఎదిగిన ఆ పిల్ల పేరు తాన్యా డెగురెచాఫ్. శత్రువులు పెట్టిన పేరు రైన్ నది దెయ్యం.

“రాక్షసే, కాదనను.” వ్యాఖ్య: ‘కాదనను’ అన్న ఒప్పుకోలు సూత్రంలో మొట్టమొదట రావడం గమనించాలి. ఇలాంటి పాత్రను మెచ్చుకునే ప్రేక్షకుడికి మంచీచెడూ తెలియదని, తెరమీద క్రూరత్వం చూసి చూసి మొద్దుబారిపోయాడని ఒక పూర్వపక్షం ఉంది. మూలమే దాన్ని ఖండిస్తోంది. శత్రుదేశం డాకియా రాజధాని మీద దాడి ఘట్టం చూడండి. అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఆయుధ కర్మాగారాన్ని పేల్చేముందు హెచ్చరిక చేయాలి. తాన్యా చేస్తుంది. ముద్దుముద్దుగా, బడిలో ప్రార్థన చదివే పిల్ల గొంతుతో చేస్తుంది. విన్నవాడెవడూ నమ్మడు, కదలడు. నిబంధన నెరవేరింది, మంటా లేచింది. ఈ దృశ్యానికి నవ్వని ప్రేక్షకుడు అరుదు, నవ్వి ‘అమ్మో’ అననివాడు అంతకంటే అరుదు. పసిగొంతును ఆయుధం చేసిందని గ్రహిస్తేనే ఆ నవ్వు వస్తుంది. గ్రహించని మొద్దుకు అది ఉత్త ప్రకటన. కనుక సూత్రకారుడికి నీతి తెలియదనడం చెల్లదు. తెలిసీ జాలిపడుతున్నాడు, చిక్కంతా అక్కడే ఉంది.

“దాని పోస్టింగు చూడు పాపం.” సూత్రానికి ప్రాణం ఈ వాక్యం. తాన్యా కోరేది రాజ్యమో పగో కాదు. వెనుక వరసలో ఒక కుర్చీ, వేడి కాఫీ, పదోన్నతి, పింఛను. దానికోసం యుద్ధ కళాశాల గ్రంథాలయంలో జనరల్ జెట్టూర్ ఎదురుపడితే తన తెలివి కనపడేలా మాట్లాడుతుంది. ఎక్కడ అవసరమైతే అక్కడికి దూసుకెళ్ళే మాంత్రికుల దళం ఉంటే బాగుంటుందని సలహా ఇస్తుంది. ఆయన మెచ్చుకుని, అయితే నువ్వే తయారుచెయ్యి అంటాడు. తప్పించుకుందామని, మనుషులు తట్టుకోలేనంత క్రూరమైన శిక్షణ పెడుతుంది. వచ్చినవాళ్ళు పారిపోతే దళం ఉండదు, తాను ముందు వరసకు పోనక్కర్లేదు. ఒక్కడూ పారిపోడు. పైగా ఉక్కుముక్కల్లా తయారవుతారు. 2019 సినిమా చివర్లో ఎట్టకేలకు కోరిన కుర్చీ దొరుకుతుంది. ఊరికే కూర్చోలేక ఒక పరిశోధన నివేదిక రాస్తుంది. దాన్ని అమలుచేసే కొత్త దళానికి అధిపతిగా మళ్ళీ ఆమెనే పంపుతారు. ఏ సర్కారు దఫ్తరులోనైనా ‘పని వచ్చినవాడికే పని’ అని గొణుక్కునే గుమాస్తాకు ఈ కథ కొత్తది కాదు.

ఇక్కడే రాయపూర్ పనికొస్తుంది. నవా రాయపూర్ సచివాలయం నీడలో బతికే ఈ ఊళ్ళో పోస్టింగు అన్నది పెళ్ళి సంబంధాల్లో కూడా అడిగే విషయం. సుక్మా, బీజాపూర్ అని ఆర్డరు వస్తే ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. ఎలాగోలా రాయపూర్‌లోనే అటాచ్‌మెంటు సంపాదించుకోవడం ఒక విద్య. ఆ భయం ఉత్తిది కాదు. 2010 ఏప్రిల్ 6న అక్కడి తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో ఒక్క ఉదయం 76 మంది జవాన్లు చనిపోయారు. ముందు వరస, వెనుక వరస అన్న మాటలు మిగతాచోట్ల యానిమే హాస్యం, ఇక్కడ జిల్లాల పేర్లు. కాబట్టి ఈ ఊరి ప్రేక్షకుడు తాన్యా కత్తిని చూడటంలేదు, ఆమె చేతిలోని బదిలీ దరఖాస్తును చూస్తున్నాడు. నా సిద్ధాంతం ఇదే: ప్రేక్షకుడి జాలి పాత్ర చేసిన పనిని బట్టి రాదు, కథ మనల్ని ఎవరి పక్కన కూర్చోబెట్టిందో దాన్ని బట్టి వస్తుంది. ‘యోజో సెంకి’ మనల్ని ఆఫీసు బల్ల దగ్గర, ఆ ఉద్యోగి తలలో కూర్చోబెట్టింది. చచ్చేవాళ్ళు కిటికీ అవతల ఉన్నారు.

కాదు, ఆ పసిమొహమే జాలికి కారణం అంటారు కొందరు. పసుపుపచ్చ జుట్టు, పెద్దపెద్ద నీలికళ్ళు, గొంతిచ్చిన అవోయి యూకీ ప్రతిభ, ఇవి చాలవా? చాలవు. పోరులో ఆ మొహాన్ని బొమ్మ గీసినవాళ్ళు కావాలనే వికారం చేశారు. పళ్ళు బయటపెట్టి, కళ్ళు పిచ్చిగా తిప్పి, చూస్తే జడుసుకునేలా. ముద్దుదనమే కారణమైతే ఆ ఘట్టాల్లో జాలి తగ్గాలి, తగ్గదు. ఎందుకంటే ఆ వికారపు మొహం వెనుకనుంచి ‘ఇది నా వార్షిక నివేదికలో ఎలా కనిపిస్తుంది’ అన్న ధోరణిలో లోగొంతు వినిపిస్తూనే ఉంటుంది. మరికొందరు దేవుణ్ణి ఎదిరించినందుకు మెచ్చుకుంటున్నారంటారు. జయవిజయులు మూడు జన్మలు వైరులై పుట్టిన కథ విన్న మనకు దేవుడితో తగాదా పెద్ద వింతేమీ కాదు, దానికోసం ఇంత అభిమానం అక్కర్లేదు.

“ఆ మేరీ మొహం మాత్రం నాకు చూపించకు.” మేరీ సూ తండ్రి ఆన్సన్ సూ, సామ్రాజ్యానికి ఎదురు నిలిచిన సైనికుడు. కూతురు కానుకగా పంపిన తుపాకీతో యుద్ధానికి వస్తాడు. తాన్యా అతన్ని కూల్చి, తుపాకీ బాగుందని తీసుకుంటుంది. మేరీ సముద్రం దాటి వెళ్ళి, పగతో సైన్యంలో చేరి, సినిమాలో తాన్యా చేతిలో తన కానుకను గుర్తుపడుతుంది. ధర్మశాస్త్రం తీసి చూస్తే న్యాయం ముమ్మాటికీ మేరీ వైపే. అయినా ప్రేక్షకుడు ఆమెనే భరించలేడు. ఏడుస్తుందని, ప్రార్థిస్తుందని, ఆజ్ఞ మీరి తోటివాళ్ళను ఇబ్బంది పెడుతుందని విసుక్కుంటాడు. ఆలంకారికుల లెక్కలో చెప్పాలంటే మేరీకి అనుభావాలు పుష్కలం, కన్నీరు, వణుకు, కేక అన్నీ ఉన్నాయి. విభావమే కొరత. ఆమె దుఃఖకారణాన్ని మనం ఆమె ఇంట్లోంచి చూడలేదు, చంపినదాని భుజం మీదుగా చూశాం. తండ్రి చావు మనకు అప్పటికే ముగిసిన ఒక పనిదినం.

దీనిమీద గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది, దాటెయ్యడానికి వీల్లేదు. ఏడ్చే ఆడపిల్ల, పగపట్టిన ఆడపిల్ల అంటే ప్రేక్షకుడికి ముందునుంచీ చులకన, మేరీని అసహ్యించుకోవడం ఆ చులకనే, కథనం మీద నెపం వేయకండి అంటారు. కొంత నిజం లేకపోలేదు. కానీ ఛత్తీస్‌గఢ్ గడ్డమీద ఈ మాట నిలవదు. మహాభారతాన్ని పాడి చెప్పే ఇక్కడి పాండవానీ చూడండి. 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ బాయి దుశ్శాసన వధ చెబుతుంటే, చేతిలో తంబూర ఒక క్షణం భీముడి గద, మరుక్షణం మరొకటి. పక్కనున్న ‘రాగి’ అనే వంతగాడు ‘ఊఁ’ కొడుతూ, మధ్యలో ప్రశ్నలేస్తూ కథను ముందుకు నెడతాడు. ఏడ్చిన ఆడదాని పగ తీరడానికి భీముడు మనిషి రొమ్ము చీలుస్తాడు. తాన్యా చేసిన ఏ పనికంటే ఇది చిన్నది? జనం మురిసిపోతారు. ద్రౌపదిని విసుక్కున్నవాడు లేడు. కారణం, సభాఘట్టంలో కథకురాలు మనల్ని ద్రౌపది పక్కన నిలబెట్టి, దుశ్శాసనుడి చెయ్యి జుట్టుమీద పడేదాకా కదలనివ్వలేదు. మేరీకి ఆ సభ దొరకలేదు.

మన తెరమీద దీనికి ఇంకా సూటైన సాక్ష్యముంది. 2015లో ‘బాహుబలి’ తెర లేచేసరికి శివగామి గాయంతో, పసిబిడ్డతో పారిపోతోంది. ఏటిలో మునిగిపోతూ కూడా బిడ్డను నీటిపైకి ఎత్తి పట్టుకుంటుంది. 2017లో రెండో భాగం వచ్చేసరికి, ఏ తప్పూ చేయని కొడుకును చంపమని కట్టప్పకు ఆజ్ఞ ఇచ్చింది ఆవిడే. ప్రేక్షకుడు కోప్పడ్డాడు, కానీ విడిచిపెట్టలేదు. ఆ చెయ్యి అప్పటికే చూసేశాడు కదా. రెండు ఘట్టాల క్రమం తిరగేసి ఉంటే రమ్యకృష్ణ ఎంత బాగా నటించినా ఆ క్షమ దక్కేది కాదని నా గట్టి నమ్మకం.

పల్నాటి నాగమ్మ కథ ఇంతకంటే పాతది. 12వ శతాబ్దపు గురజాల కొలువులో నలగామరాజుకు మంత్రిణి, కోడిపందెంలో ఎదుటివాడు బ్రహ్మనాయుడి పక్షాన్ని ఓడించి వనవాసానికి పంపిన రాజకీయవేత్త, రాయబారి అలరాజు విషంతో చావడం వెనుక ఆమె చెయ్యి ఉందని కథ. కారెంపూడిలో వీరుల ఉత్సవం బ్రహ్మనాయుడి పక్షాన జరుగుతుంది, వీరగాథ ఆ పక్షాన పాడతారు, కనుక తరతరాల శ్రోతకు నాగమ్మ విలన్. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్ర వేశారు. అంతటి నటీమణులు వేసినా కథ కూర్చోబెట్టిన పీట మారలేదు. ఇటీవలి కాలంలో ఆమెను మహిళా మంత్రిగా, పాలనాదక్షురాలిగా చూపే రచనలు వస్తే అదే నాగమ్మ అభిమానపాత్రమైంది. కోడిపందెం మారలేదు, విషం మారలేదు. తాన్యాకు జపాను నవలాకారుడు మొదటి పేజీ నుంచీ ఇచ్చిన పీట నాగమ్మకు చాలా ఆలస్యంగా దొరికింది, అంతే.

అయితే ఇదంతా వ్యంగ్యం కదా, ప్రేక్షకుడు ఆ సంగతి తెలిసే నవ్వుతున్నాడు, ఇంత చర్చ ఎందుకంటారా? వ్యంగ్యమే, ఒప్పుకుంటాను. దాని పదును ఎక్కడ మొండి అవుతుందో అరేన్ ఘట్టంలో చూడాలి. ఆక్రమిత నగరం తిరగబడుతుంది, సైన్యానికి సరుకు దారి తెగుతుంది. పౌరులున్న ఊరిమీద ఫిరంగులు పేల్చడం చట్టవిరుద్ధం. దాన్ని చట్టబద్ధం చేసే తర్కం ఎక్కడో ఉంది, యుద్ధ కళాశాలలో తాన్యా రాసిన వ్యాసంలో. హెచ్చరించాం, వినలేదు, కనుక మిగిలినవాళ్ళంతా పోరాడేవాళ్ళే. ఊరు కాలుతుంటే గ్రాంట్స్ అనే కుర్ర అధికారి, పారిపోతున్నవాళ్ళను కాల్చలేక ఆగిపోతాడు. తాన్యా వాణ్ణి తిడుతుంది, కాల్చమంటుంది, ఈరోజు వదిలితే రేపు వాళ్ళే శత్రువులంటుంది. గమనించండి, డాకియాలో నవ్వించిన హెచ్చరికా ఇదీ ఒకే ఎత్తు. బదిలీ కోసం రాసిన చక్కటి కాగితమూ ఇదీ ఒకే చేతిరాత. ఇంతసేపూ ఆ లోగొంతుకు తలూపిన ప్రేక్షకుడు ఇక్కడ సగం ఊపులో పట్టుబడతాడు. కొందరు ఆపేస్తారు, చాలామంది ‘తర్కం కరెక్టే కదా’ అని ఊపు పూర్తిచేస్తారు. మావోయిస్టుల మీద నడిపిన సల్వాజుడుం కోసం ఆదివాసీ కుర్రాళ్ళను ప్రత్యేక పోలీసులుగా తీసుకుని తుపాకులివ్వడం రాజ్యాంగవిరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చిన రాష్ట్రంలో, కాగితం మీద కుదిరిన తర్కం నేలమీద ఏమవుతుందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అయినా యానిమే చూస్తున్నప్పుడు ఆ జ్ఞాపకం పక్కగదిలోనే ఉండిపోతుంది. సూత్రంలో అరేన్ అన్న మాటే లేకపోవడం ఇందుకే అనుకుంటాను.

సూత్రంలో లేని మనిషి ఇంకొకడున్నాడు. సైనిక ప్రధాన కార్యాలయంలో లెర్గెన్ అనే అధికారి, శిక్షణ రోజుల్లో తాన్యా మాట వినని కుర్రాణ్ణి ఏం చేయబోయిందో కళ్ళారా చూసినవాడు. ఆమెకు దళం ఇవ్వొద్దంటాడు, అధికారం పెంచొద్దంటాడు. ఆ అభ్యంతరాలు విన్నవాడు లేడు. అరేన్ తర్కం ఎవరి వ్యాసమో కనిపెట్టేదీ అతనే. మేరీలా ఏడవడు, దేవుణ్ణి పిలవడు, తాన్యా ఎంత గుమాస్తానో తానూ అంతే. సూత్రకారుణ్ణి అడిగితే ‘అతనా, తాన్యాను చూస్తే కడుపునొప్పి వచ్చే ఆయన’ అని నవ్వేసి ఊరుకుంటాడు. మూలంలో ఆయన మీద ఒక్క మాటైనా లేదు కనుక వ్యాఖ్యాతకు ఇక్కడ అధికారం లేదు.