నాన్నగారు బిజీ, గోడకు మేకు కొడుతున్నారు

కోడలు నెల తప్పిందని తెలిసిన రోజునుంచి ఇంట్లో సుత్తి చప్పుడు వినపడకూడదు. భార్య కడుపుతో ఉండగా మగవాడు ఇల్లు కట్టడం మొదలుపెట్టకూడదు, సముద్రస్నానం చేయకూడదు, శవం మోయకూడదు. కొన్ని ఇళ్లల్లో అయితే గోడకు మేకు కూడా దిగకూడదు. ఈ నియమాన్ని మనవాళ్లు ఎంత నిష్ఠగా పాటిస్తారో చూస్తే ముచ్చటేస్తుంది. కారే కుళాయి కారుతూనే ఉంటుంది. పడకగది తలుపు గడియ తొమ్మిది నెలలూ పడదు. కిటికీ మెష్‌కు పడిన చిల్లులోంచి దోమలు కుటుంబసమేతంగా వచ్చిపోతుంటాయి. అడిగితే ఒకటే జవాబు: "ఇప్పుడు కాదు, పెద్దవాళ్లు వద్దంటున్నారు." ముహూర్తాల పేరెత్తితే అంతెత్తున లేచే హేతువాదులు సైతం ఈ ఒక్క ఆచారం దగ్గర పరమభక్తులైపోతారు.

ఆ నియమం పెట్టినవాళ్లను నేను తప్పుపట్టను. సున్నం ఘాటూ ఇటుక దుమ్మూ కడుపుతో ఉన్న మనిషికి మంచివి కావని వాళ్లకు తోచి ఉండవచ్చు. కానీ కడుపులో ఉన్న బిడ్డకు పనికిరాని దుమ్ము, బయటికొచ్చి సొంతంగా ఊపిరి పీల్చడం మొదలెట్టాక ఎలా పనికొస్తుందో ఏ పంచాంగమూ చెప్పలేదు. బాలింతకు పట్టిన సాంబ్రాణి పొగ ఇంకా చల్లారకముందే నాన్నగారికి కర్తవ్యం గుర్తొస్తుంది. డ్రిల్లింగ్ మిషన్ అటక దిగుతుంది. ఎందుకండీ ఇప్పుడు ఇదంతా అంటే, "బిడ్డ కోసం!"

మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా, కొన్నాళ్లయ్యాక గదా తల్లీబిడ్డా వచ్చేది, ఆ ఖాళీలో ఈ పనులన్నీ చక్కబెట్టుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మీరు అమాయకులు. ఆ రోజుల్లో ఆయన విరహంలో ఉంటారు. విరహానికి బిర్యానీ పార్శిళ్లు, పాత స్నేహితులు, తెల్లవారేదాకా వెబ్ సిరీస్‌లు అవసరం. ఆదివారం అత్తారింటికి వెళ్లి, నిద్రపోతున్న బిడ్డతో ఫోటో దిగి, మినపసున్నుండలు తిని వస్తారు. రేపు తల్లీబిడ్డా వస్తున్నారనగా ఈ సాయంత్రం ప్రైమర్ డబ్బా మూత తీస్తారు.

ముందుగా గోడలు. రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఒకటి 'పిల్లల గది' అయిపోతుంది. గోదావరి జిల్లాలో పుట్టిన బిడ్డకు గోడమీద పెంగ్విన్లు, జిరాఫీలు, ఇంద్రధనుస్సు. అప్పుడే పుట్టిన బిడ్డకు స్పష్టంగా ఆనేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే. అంటే పాలు తాగుతూ తల్లి మొహం చూసేంత దూరం. ప్రకృతి ప్రస్తుతానికి అంతవరకే మంజూరు చేసింది. గోడమీది జిరాఫీ బిడ్డ కంటికి ఒక మరక.

సరే, మరకే కదా అని వదిలేద్దామంటే, పాత రంగుమీద కొత్త రంగు పట్టదు. ఉప్పు కాగితంతో గీకాలి, లప్పం పెట్టాలి, ఆరాక మళ్లీ గీకాలి. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధనలు 2016లో వచ్చాయి, ఆ హద్దు 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకుముందు తలుపులకూ కిటికీ ఊచలకూ పొరలు పొరలుగా పూసిన ఆయిల్ పెయింట్‌లో ఎంత సీసం ఉందో పూసినవాడికి తెలియదు, అమ్మినవాడు చెప్పలేదు. గీకితే అది దుమ్మై లేస్తుంది. పసిపిల్లల ఒంట్లోకి సీసం ఇంతవరకు చేరినా ఫరవాలేదు అనే హద్దే లేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నాన్నగారు మాత్రం ముక్కుకు రుమాలు కట్టుకుంటారు. బిడ్డ సంగతేమిటంటే, పక్క గదిలో ఉంది కదా, తలుపు వేసే ఉంది కదా అంటారు. గడియ పడని తలుపు అదే.

తెలుగువాళ్లకు బిడ్డ ఎదుగుదల క్యాలెండరు వంటింట్లోనే ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, పలుకులకు చిలకలు, అడుగులేస్తే అరిసెలు. దేని వంతు ఎప్పుడో ప్రతి అమ్మమ్మకూ తెలుసు. బిడ్డ నిలబడకముందే ఏ అమ్మమ్మా అరిసెల పాకం పట్టదు. నాన్నగారు మాత్రం ఇంకా మెడ నిలవని బిడ్డ కోసం మెట్లకు అడ్డంగా ప్లైవుడ్ గేటు బిగిస్తారు. టేబుల్ మూలలకు రబ్బరు తొడుగులు, ప్లగ్గు పాయింట్లకు మూతలు, అల్మరా తలుపులకు తాళాలు. పాకడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుందండీ అని చెప్పి చూడండి. "ముందుజాగ్రత్త" అంటారు. ఆ ముందుజాగ్రత్త టీకా కార్డుకు ఎందుకో వర్తించదు. పుట్టగానే బీసీజీ అయింది, ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం సూదులున్నాయి, ఏ తేదీలంటే "మీ అమ్మగారికి తెలుసుగా" అంటారు. గేటుకు వాడిన స్క్రూల సైజు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ గేటు ఇంట్లో ఒక్కరికే అడ్డం పడుతుంది: చంకలో బిడ్డతో, చేతిలో ఉతికిన గుడ్డల బకెట్టుతో మేడమీదికి వెళ్లే మనిషికి.

బజారులో దొరికేవి వేరు. ఊయల అంచుల చుట్టూ కట్టే మెత్తల్ని, వాటివల్ల పిల్లలకు ఊపిరాడక ప్రాణాలు పోతున్నాయని, అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది. చక్రాల వాకర్లను కెనడా 2004లోనే నిషేధించింది. మన దగ్గర ఆ రెండూ రంగురంగుల పెట్టెల్లో గుమ్మం ముందుకు వస్తాయి, బిగించుకోవడానికి చిన్న రెంచితో సహా. ఆ రెంచి కోసమే ఆర్డరు పెట్టారేమోనని నా అనుమానం.

మరి బిడ్డను ఎత్తుకోవచ్చు కదా? "అమ్మో, నాకు భయం, పసిగుడ్డు, మెడ నిలవదు." నిజమే. మెడ నిలవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కానీ ఈయన చేతులు చూడండి. స్టూలుమీద మునివేళ్లపై నిలబడి, గూడు కోసం మూడడుగుల ప్లైవుడ్ పలకను ఒంటిచేత్తో గోడకు ఆనించి, దానిమీద రసమట్టం పెట్టి, బుడగ రెండు గీతల నడిమికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, పళ్ల మధ్య రెండు స్క్రూలతో, రెండో చేత్తో డ్రిల్లు నొక్కే మనిషి. వీసమెత్తు వణుకు లేదు. ఇంతటి హస్తలాఘవం ఉన్న మహానుభావుడికి మూడు కిలోల బిడ్డ తలకింద అరచెయ్యి పెట్టడం చేతకాదట. త్రేనుపు తెప్పించడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు, ఒక భుజం చాలు. ఆ భుజమేమో డ్రిల్లు పట్టీపట్టీ నొప్పిగా ఉందట.

పైగా ఈ పనులు ఒక్కరివల్ల అయ్యేవి కావు. "ఒక్కసారి ఇటొచ్చి స్టూలు పట్టుకో." "ఆ టార్చి కొంచెం పైకి." "ఇందాక ఇక్కడ పెట్టిన పెన్సిల్ ఏదీ?" ఆపరేషన్ కుట్లు ఇంకా సలుపుతున్న మనిషి వచ్చి స్టూలు పట్టుకుంటుంది. డ్రిల్లు మోతకు బిడ్డ కెవ్వుమంటుంది, గంటసేపు జోకొడితే ఇందాకే కళ్లు మూసిన బిడ్డ. "అరె, లేచిందా? నువ్వెళ్లి చూడు, ఇక్కడిది నేను చూసుకుంటాలే" అంటారాయన. అదీ త్యాగం. పనయ్యాక నేలంతా గోడపొడి, చెక్కపొట్టు. రేపు పనమ్మాయి ఊడుస్తుందిలే అంటారు. పనమ్మాయి ఆ రేపు రాదు; అది వేరే వ్యాసం. వంటింట్లో పథ్యం కూరకు వెల్లుల్లి వొలుస్తున్న అత్తగారు మాత్రం కళ్లు తుడుచుకుంటూ అంటారు: "పాపం అల్లుడుగారు, ఒక్క క్షణం తీరిగ్గా కూర్చోవడం లేదు." కూర్చోరు మరి. కూర్చుంటే ఒళ్లో బిడ్డను పెడతారని భయం.

చదువుకున్నవారింట్లో దీనికి ఒక సాంకేతిక శాఖ కూడా ఉంది. బిడ్డ ఏడిస్తే పై అంతస్తు వాళ్లు లిఫ్టులో దిగొచ్చి "కడుపునొప్పేమో చూడండమ్మా" అని చెప్పిపోయేంత చిన్న ఫ్లాట్. అందులో వైఫై కెమెరా. బిడ్డ కదిలితే నాన్నగారి ఫోన్‌కు కబురు రావాలి. దానికోసం రెండు ఆదివారాలు గోడలో వైర్లు దాస్తారు. చివరికి కబురు వస్తుంది. ఆఫీసు మీటింగులోంచి గబగబా బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేస్తారు: "బిడ్డ ఏడుస్తోంది, చూశావా?" బిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తూ, మెడకూ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపట్టిన మనిషికి ఈ సమాచారం అందుతుంది.

ఇంత కష్టం దేనికంటే, గూడు బిగిస్తే గూడు మిగులుతుంది. త్రేనుపు మిగలదు. ఉతికి ఆరేసిన పక్కగుడ్డలు మధ్యాహ్నానికి మళ్లీ తడుస్తాయి. రోజుకు ఎనిమిదినుంచి పన్నెండుసార్లు పాలిచ్చిన మనిషి రాత్రికి చూపించడానికి ఏముంది? రేపటి పన్నెండుసార్లు ఉన్నాయి. గూడుకైతే 'ముందు', 'తర్వాత' అని రెండు ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకోవచ్చు. బిడ్డను చూడటానికి వచ్చిన చుట్టాలను ముందు గూడు దగ్గరికి తీసుకెళ్లవచ్చు. ఊళ్లోంచి వచ్చిన పెదనాన్న కళ్లజోడు సవరించుకుని, "కుడివైపు కాస్త వాలినట్టుందిరా" అన్నాడంటే ఇక ఆ పూట ఇంట్లో సంతాపదినం. బిడ్డ జలుబు సంగతి ఎవరూ ఎత్తకూడదు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జనం ఏ పనికి రోజుకు ఎన్ని నిమిషాలు వెచ్చిస్తున్నారో దేశమంతటా లెక్కగట్టింది. జీతంలేని ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేశారు, మగవాళ్లు 97. ఇంట్లోవాళ్ల ఆలనాపాలనలో ఆడవాళ్లవి 134 నిమిషాలు, మగవాళ్లవి 76. ఇవి ఆ పని చేసినవాళ్ల సగటులు మాత్రమే. ఆ రోజు ఇంటిపనిలో అసలు చెయ్యి పెట్టిన మగవాళ్లే నూటికి 26 మంది. ఇంకో ముచ్చట: ఆ సర్వే లెక్కల పద్ధతిలో సొంతంగా చేసుకునే ఇంటి అలంకరణ, మరమ్మతులు కూడా ఇంటిపని ఖాతాలోకే వస్తాయి. అంటే ఆ 97 నిమిషాల్లో రసమట్టం కూడా ఉంది, ఉప్పు కాగితం కూడా ఉంది. అవి తీసేశాక మిగిలినదాంట్లో ఎంత అంట్లు తోమడమో మీరే ఊహించుకోండి.

సెలవు లేదు మరి, ఏం చేస్తాం అంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఇద్దరు పిల్లల వరకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. కాన్పుకు 15 రోజుల ముందు మొదలుకొని కాన్పయ్యాక ఆరు నెలల్లోగా వాడుకోవాలి, లేకపోతే మురిగిపోతుంది. తల్లికి 2017 సవరణతో 26 వారాలు వచ్చాయి. ప్రైవేటు కంపెనీలో తండ్రి సెలవు యజమాని దయ. ఇది అన్యాయమే, తండ్రుల సెలవు పెంచాల్సిందే, సంతకాల సేకరణ పెడితే నాది మొదటి సంతకం. కాకపోతే దరఖాస్తులో 'శిశు సంరక్షణ నిమిత్తం' అని రాసి, ఆ రోజుల్ని హార్డ్‌వేరు షాపులో మైకా షీట్ల నమూనాలు తిరగేస్తూ గడిపినవాళ్ల పెళ్లాలను అడిగి చూడండి. వాళ్లలో కొందరు ఆయన ఆఫీసుకు తిరిగి వెళ్లిన రోజే హాయిగా ఓ గంట నిద్రపోయారు.

అన్ని మరమ్మతులూ వద్దనడం లేదు. దోమల మెష్ వేయాలి, డెంగీకి ఎవరిదగ్గరా మొహమాటం లేదు. గీజరు పనిచేయాలి. జారే బాత్‌రూం నేల సంగతి చూడాలి. ఇవన్నీ ఏడో నెలలోపు ఒక ఎలక్ట్రీషియన్, ఒక వడ్రంగి ఓ పూటలో తేల్చేసే పనులు. డబ్బిస్తే ఎవరైనా చేసిపెట్టే పనిని నాన్నగారు పంతంపట్టి సొంతంగా చేస్తారు. ఎంత డబ్బిచ్చినా ఇంకొకరు నాన్న కాలేని పనిని మాత్రం అమ్మమ్మకో నాయనమ్మకో ఆయమ్మకో అప్పగిస్తారు. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో తల్లికీ బిడ్డకూ కలిపి 16 రకాల వస్తువులు పెట్టారు: దోమతెర, సబ్బు, నూనె, తువ్వాలు, చీరలు వగైరా. ఆ సంచిలో స్క్రూడ్రైవరు లేదు. బిడ్డకు ఏం కావాలో సర్కారు దవాఖానకు కూడా తెలుసు.

ఇది చదివి కోపమొచ్చిన నాన్నగార్లు తప్పకుండా ఉత్తరాలు రాయండి. రాత్రి రెండు గంటలకు రాస్తే మరీ మంచిది. ఆ వేళకు మీ ఇంట్లో ఒకరు ఎలాగూ మేలుకునే ఉంటారు, కలం వెతికిచ్చి, స్టూలు కూడా పట్టుకుంటారు.