అర్థాలు లేని నిఘంటువు

ఢిల్లీ దరియాగంజ్ పాత పుస్తకాల కుప్పలో పడి ఉన్న ఆ ఇంగ్లీషు ప్రొనౌన్సింగ్ డిక్షనరీ తన కథ చెప్పుకుంటే, మొదట వంశం గురించే చెబుతుంది. డేనియల్ జోన్స్ 1917లో తొలి కూర్పు వెలువరించాడు. తను 1997 నాటి పదిహేనో కూర్పు. పీటర్ రోచ్, జేమ్స్ హార్ట్‌మన్ సంపాదకులు. ప్రతి మాటకూ ఉచ్చారణ చూపుతుంది. అర్థాలు చెప్పడం తన పని కాదు.

ఆ సంగతి తెలియకనే కొన్నాడు మొదటి యజమాని, ఉద్యోగానికొచ్చి కరోల్‌బాగ్‌లో అద్దెకున్న తెలుగాయన. హోటల్ మెనూలో చూసిన ‘డిజర్ట్’ అంటే ఏమిటోనని తెరిచాడు. ధ్వని గుర్తులే కనబడ్డాయి. విసుగ్గా మూసేశాడు. అప్పట్నుంచీ అట్టమీద టీ గ్లాసుల గుండ్రటి మరకలు పడ్డాయి. తర్వాత కొన్నేళ్లు ఊగే బల్ల కాలికింద. మధ్య పుటల్లో సొట్ట ఇప్పటికీ పోలేదు. కబాడీవాడు తూకానికి తీసుకెళ్లిన రోజున ఆ ఇంట్లో ఎవరూ చివరిసారిగా కూడా తెరవలేదన్నదే దానికి ఇప్పటికీ బాధ.

తెరిచి ఉంటే ఆ మాట గురించే ఎంతో చెప్పేది. ఎడారి అయితే ‘డెజ్.అర్ట్’, నొక్కు మొదటి ముక్క మీద. అవే అక్షరాలతో రాసే ‘విడిచిపోవడం’ అయితే ‘డి.జర్ట్’, నొక్కు రెండోదాని మీద. భోజనం చివర తినే తీపికి ఒక ‘ఎస్’ ఎక్కువ. పలకడం మాత్రం విడిచిపోవడంలాగే.

కోహ్లీ రికార్డు కొట్టాడన్నా, ఫోన్లో మాటలు రికార్డు చేశామన్నా మన నోట ఒకటే పలుకు. ఈ పుస్తకంలో అవి రెండు: ‘రెక్.ఆర్డ్’, ‘రి.కార్డ్’. నొక్కు పడే ముక్కకు ముందు, పైన, సన్నటి నిలువు గీత ఉంటుంది. ముక్కల మధ్య చుక్క. నొక్కిన పొట్టి అచ్చు ఒంటరిగా ఆగలేదు కాబట్టి ‘క్’ను తనవైపు లాక్కుంటుంది, నొక్కు అవతలికి జరిగితే ఆ ‘క్’ కూడా అటే పోతుంది. తెలుగులో హల్లు సాధారణంగా తర్వాతి అచ్చునే పట్టుకుంటుంది గనక ఈ తేడా మన చెవికి సులువుగా అందదు. దాన్ని కంటికి చూపడానికే కదా ఇన్ని చుక్కలు!

2019లో దరియాగంజ్ ఆదివారం సంత ఆసఫ్ అలీ రోడ్డులోని మహిళా హాట్‌కు మారింది. ఆ కొత్త చోటే ఇంగ్లీషు చెప్పే ఒక తెలుగు టీచరమ్మ దాన్ని ఏరుకుంది. అర్థాల కోసం వెతకలేదు. నేరుగా ‘ప్రెజెంట్’ ఉన్న పుట తీసి, కానుక ‘ప్రెజ్.అంట్’, ఇవ్వడం ‘ప్రి.జెంట్’ అని వేలితో నిలువు గీత తడుముతూ పైకి పలికింది. మర్నాటి నుంచి దాని చోటు తరగతిలో, బ్లాక్‌బోర్డు పక్కన.