డోలక్ నాది, నొప్పి ఇంటిల్లిపాదిదీ

మంగళవారం రాత్రి భజన చేసి వస్తే, బుధవారం నేను చేయలేని పనుల చిట్టా మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నీళ్ల బిందె ఎత్తలేను. కూరగాయల సంచి మోయలేను. తొక్కు సీసా మూత తిప్పలేను. ఫోన్ మాత్రం ఎంతసేపైనా పట్టుకోగలను. "ఫోను పడితె నొయ్యని చెయ్యి చీపురు పడితె ఎట్ల నొస్తదయ్యా?" అని మా ఇంటామె అడిగినప్పుడల్లా, అవి వేరే నరాలని చెప్పి పేపరు అడ్డం పెట్టుకుంటాను.

మాది కరీంనగర్. గల్లీలోని హనుమాండ్ల గుడి భజన మండలిలో డోలక్ నాది. పింఛను మొదలయ్యాక పట్టిన విద్య కాబట్టి చేతులకంటే ఉత్సాహం బలంగా ఉంది. కొండగట్టు అంజన్న గుడి మాకు దగ్గర. చైత్ర పౌర్ణమి నాటి చిన్న జయంతి నుంచి వైశాఖ బహుళ దశమి నాటి పెద్ద జయంతి దాకా 41 రోజులు ఎటు చూసినా అంజన్న మాలలే, రోజూ ఎవరో ఒక స్వామి ఇంట్లో భజనే. మామిడికాయ ముక్కలు కొట్టడం, వడియాలు పెట్టడం, బియ్యం బస్తాలు ఎండకు మార్చడం కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. ఈ రెండూ ఒకేసారి రావడం దేవుడి దయ తప్ప నా ఎత్తుగడ ఏమీ లేదు.

నొప్పి మాత్రం నిజం. దాని హద్దురాళ్లే నేను కొంచెం జరిపాను.

మా మండలిలో పాడే ఆయనకు ఒక మైకు, హార్మోనియానికి ఒక మైకు. తాళాలకు మైకు అక్కర్లేదు, వాటికి పక్క గల్లీ కుక్కలు కూడా శ్రుతి కలుపుతాయి. మధ్యలో డోలక్‌కు నా రెండు చేతులే దిక్కు. వినబడాలని గట్టిగా కొడతాను. నేను గట్టిగా కొడితే తాళాల వాళ్లు ఇంకా గట్టిగా కొడతారు. మంగళహారతి వేళకు భజన కాస్తా పంచాయితీ అవుతుంది. గట్టిగా కొట్టాలనుకోగానే ముందు భుజం బిగుస్తుంది, తర్వాత మణికట్టు బిగుస్తుంది. వేళ్ల మొదళ్లలో ఉండే ఎముకలు తోలు మీద పడకుండా పోయి చెక్క అంచు మీద పడతాయి. అంచుకు ఏమీ కాదు.

అంచు చాలదన్నట్టు నా వేలికి పగడపు ఉంగరం. ఇంట్లో శాంతి కోసం పెట్టుకోమన్న ఉంగరం అది. దెబ్బ దెబ్బకూ వేలికీ చెక్కకూ మధ్య ఇరుక్కుని, చివరికి వేలు వాచి ఊడిరానని మొండికేసింది. కొబ్బరినూనె, సబ్బు నురగ, దారం చుట్టడం అన్నీ అయ్యాయి. కొడుకూ కోడలూ వంతులేసుకుని గుంజారు. ఊడి డబ్బాలో పడ్డాక ఇంట్లో నిజంగానే శాంతి వచ్చింది. ఉంగరం, కడెం, గడియారం, ఏదైనా సరే, తీసి జేబులో వేసుకున్నాకే డోలక్ ముందు కూర్చోవాలి.

వానకాలానిది ఇంకో తంటా. తేమకు తోలు వదులవుతుంది. వదులైన తోలు పలకదు. పలకడం లేదని మనం రెట్టింపు బలంతో బాదుతాం. డప్పు కొట్టేవాళ్లు దీనికి ఏనాడో మందు కనిపెట్టారు, గడ్డి మంట వేసి కాచుకుంటారు. నేనూ కళాకారుణ్నే కదా అని శ్రావణ శనివారం పొద్దున డోలక్‌ను గ్యాస్ పొయ్యి మీద పట్టాను. వాళ్లు మంటకు ఎడంగా పట్టి, తిప్పుతూ, వేలితో తట్టి చూసుకుంటూ కాస్తారన్న సంగతి నాకు గుర్తొచ్చేలోపు, ఆ నెలంతా నీసు వండని మా వంటింట్లో మేకతోలు కమురు వాసన గుప్పుమంది. మా ఇంటామె ఒక్క మాట అనలేదు. పొయ్యి కడిగింది, మళ్లీ తలస్నానం చేసింది, మళ్లీ వంట మొదలుపెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఇంతా చేస్తే నా డోలక్‌కు పక్కన మరలున్నాయి, బిగించుకుంటే చాలు. ఆ పానా దాని సంచిలోనే ఉంది.

నొప్పికి మా ఇంటి మందు అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టి, సంగీత సభల్లో ఊరికే పంచి జనానికి అలవాటు చేశారంటారు. విన్నవాళ్ల తలనొప్పికే పంచి ఉంటారని మా వాడి వాదన. వాయించినవాళ్ల చేతులకని నా నమ్మకం. అది పూసుకున్న చేత్తోనే కళ్లు నలుపుకోవడం నా ప్రత్యేకత.

అసలు వైద్యం ఆదిలాబాద్ నుంచి వచ్చింది. మా ఇంటామెది అటు మహారాష్ట్ర సరిహద్దు పల్లె. వాళ్ల బాపు హరినామ సప్తాహాల్లో పఖావజ్ వాయించేవాడు. ఆ సప్తాహం ఏడు రోజులు రాత్రింబగళ్లు నడుస్తుంది. నామం ఆగదు, వీణ కింద పెట్టరు, కానీ పట్టే మనుషులు మారుతూనే ఉంటారు. ఒక్కడే తెల్లవార్లూ వాయించి పేరు కొట్టేయాలన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాదు. పఖావజ్ ఎడమ ముఖానికి గోధుమపిండి ముద్ద అద్దుతారు. బరువైన నాదం ఆ పిండి ఇస్తుంది, చెయ్యి ఇవ్వనక్కర్లేదు. తన చపాతీ పిండిలోంచి ఎన్ని ముద్దలు పోయాయో మా అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ ఇంటి బిడ్డ నా డోలక్‌ను ఇన్నాళ్లూ వంటింట్లోంచి విని ఊరుకుంది. ఒక రాత్రి జొన్న రొట్టెలు చేస్తూ నన్ను పిలిచి, "నా చెయ్యి సూడు, పిండి మీద ఉన్నదా, గాలిల ఉన్నదా?" అంది. వంగి చూశాను. వేళ్లు దగ్గరగా, అరచెయ్యి బల్లపరుపుగా, మణికట్టు వదులుగా. తాకుతుంది, తాకగానే లేస్తుంది. లేవకపోతే పిండి దాని వెంటే వస్తుంది. మోచెయ్యి దాదాపు కదలదు. ఎడమ చెయ్యి రొట్టెను తిప్పుకుంటూ పోతోంది. పటపటమని చప్పుడు వాకిట్లోకి వినబడుతోంది, ఆమె మాత్రం పక్కింటి పెళ్లి సంగతులు చెబుతోంది.

"నువ్వు కొట్టినంక చెయ్యి ఆడనే పెట్టి కూసుంటవు. అందుకే సప్పుడు సచ్చిపోతది, దెబ్బ నీకే తిరిగొస్తది."

నేనూ ఒక రొట్టె తట్టబోయాను. అది నా అరచేతికి అతుక్కుని లేచివచ్చింది. రోగ నిర్ధారణకు అంతకంటే ఎక్స్‌రే అక్కర్లేదు. తోలు తానే చేతిని పైకి తోస్తుంది, మనం దాన్ని తోయనివ్వాలి, అంతే. ఎల్లా వెంకటేశ్వరరావు గారు 1979లో 36 గంటలు ఆగకుండా మృదంగం వాయించి గిన్నిస్ బుక్‌లోకి ఎక్కారు. బాదే చెయ్యి అంతసేపు నిలవదు. నాదైతే గణపతి కీర్తన దాటేది కాదు.

ఇంకో సంగతి భయపెట్టడానికే చెబుతున్నాను. గంటల తరబడి కాంగా డ్రమ్ములు వాయించాక మూత్రం ఎర్రబారడం గురించి 1974లో అమెరికా వైద్య పత్రికలో రాశారు. దెబ్బలకు రక్తకణాలు, కండరాలు చితికి ఆ రంగు దిగుతుంది. ఈ ముక్క నేనే ఇంట్లో గొప్పగా చదివి వినిపించాను. ఇప్పుడు బుధవారం పొద్దున చాయ్ కంటే ముందు ఆ ప్రశ్న వస్తోంది, కోడలి ముందే. నవ్వు పక్కన పెడితే, అలా కనబడితే వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కినా అంతే, షుగర్ ఉన్నవాళ్లు మరీను.

మోకాళ్ల పేరు చెప్పి కుర్చీలో కూర్చుని డోలక్ ఒళ్లో పెట్టుకునేవాణ్ని. అది ఛాతీ దాకా లేచి మణికట్లు వంగిపోయేవి. ఇప్పుడు డోలక్‌ను ముందున్న పొట్టి బల్ల మీదికి దించి, ముంజేయీ మణికట్టూ ఒకే వరుసలో పెట్టి వాయిస్తున్నాను. వాయించేముందు చేతులు వెచ్చబడాలని ఎక్కడో చదివి, ఆ మాట కూడా నోరు జారి ఇంట్లో చెప్పాను. అప్పటి నుంచి మంగళవారం సాయంత్రం అంట్ల గిన్నెలు నా ముందుకే వస్తున్నాయి. నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి, అబద్ధం చెప్పకూడదు.

భజన మండలి పెద్దలకు నాదొక మనవి. డోలక్‌కు కూడా ఒక మైకు పెట్టించండి. ఖర్చు నేనే భరిస్తాను, ఇంట్లో అడిగి చెబుతాను.