డబ్ల్యూటీవో గోడ మీద ఇంకా 1986

2024లో అబుదాబిలో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) మంత్రుల సభ ముగిసింది. మద్దతు ధరకు ప్రభుత్వం కొనిపెట్టే ధాన్యం నిల్వల సంగతి ఎక్కడిదక్కడే ఉండిపోయింది. మనం పోగొట్టుకున్నదేమీ లేదని, సంతోషంగా తిరిగొస్తున్నానని వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ సెలవిచ్చారు. అమ్మయ్య.

ఏ ఏటికి తిరిగొస్తున్నారన్నదే నా సందేహం. అప్పటికి మనకు శోభకృత్ నడుస్తోంది. డబ్ల్యూటీవో పంచాంగం మాత్రం ప్రభవ దగ్గరే ఆగింది. మన మద్దతు ధరలో సబ్సిడీ ఎంతో తేల్చడానికి అక్కడ పక్కన పెట్టి చూసేది 1986-88 నాటి ధర. టన్ను బియ్యం రూ.3,520. కిలో మూడున్నర! 2023-24లో వడ్లకే క్వింటాలుకు రూ.2,183 ఇచ్చాం కాబట్టి, తేడా అంతా రైతుకు దోచిపెట్టినట్టే. (డాలర్లలో చూపిస్తే తేడా తగ్గుతుంది లెండి, ఏడాది మాత్రం అదే.) ఆ సబ్సిడీ పంట విలువలో పది శాతం దాటకూడదట. 2018-19లో బియ్యం దాటేసింది.

సరే, పెద్దల మాట కాదనడమెందుకు? అందరం 1986కే పోదాం. రైతన్నా, దుకాణానికెళ్లి డీఏపీ బస్తా అప్పటి ధరకే ఇమ్మను. కాదంటే డబ్ల్యూటీవో కొలువున్న జెనీవా పేరు చెప్పు. డీజిలూ కోత మిషను అద్దే కాదు, పిల్లాడి ఇంజినీరింగ్ ఫీజు కూడా అప్పటిదే కట్టు. జెనీవా దొరలూ అప్పటి జీతాలే తీసుకుంటారు, న్యాయం కదా! ఆ ఏట హైదరాబాద్‌లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి, కిలో బియ్యం రెండు రూపాయలు. మాస్కోలో గోర్బచేవ్. బెర్లిన్ గోడకు సున్నం కూడా రాలలేదు.

ఒక్కటే చిక్కు. డబ్ల్యూటీవో పుట్టింది 1995లో. ఈ పంచాంగం ప్రకారం మనల్ని నిలదీస్తున్న సంస్థ ఇంకా కడుపులోనే ఉంది.

అదే అబుదాబి సభలో, ఇంటర్నెట్‌లో దిగుమతయ్యే డిజిటల్ సరుకుపై సుంకం వేయకూడదన్న ఒప్పందాన్ని ఇంకో రెండేళ్లు పొడిగించారు. అప్పుడు మాత్రం అందరి గడియారాలూ 2024లోనే తిరిగాయి.

చైనాతో తగువు పెట్టుకుని సోయా అమ్ముడుపోకపోతే, 2018, 2019ల్లో అమెరికా తన రైతులకు ప్రకటించింది 2,800 కోట్ల డాలర్లు. ఏ పంచాంగం చూసి? తమకున్న ఐదు శాతం పరిమితికి పైన ఏటా 1,910 కోట్ల డాలర్ల సబ్సిడీ ఇచ్చుకునే హక్కును పాత ఒప్పందంలోనే రాసిపెట్టుకున్నారు వాళ్లు. మనకు ఆ హక్కు సున్నా. 80 కోట్ల మంది కంచంలోకి వెళ్లే రేషన్ తిండిగింజలు నేరం, వాళ్ల ఖజానా చట్టబద్ధం! సిగ్గుమాలిన లెక్క ఇది. ధాన్యం నిల్వలకు శాశ్వత పరిష్కారం 2017లోగా తేలుస్తామని 2013లో బాలిలో రాసిచ్చారు. బ్యూనస్ ఏర్స్ అయింది, జెనీవా అయింది, అబుదాబీ అయింది. ఆ పరిష్కారం వచ్చేదాకా ఉంటుందన్న పీస్ క్లాజ్ (పరిమితి దాటినా కేసు పెట్టబోమన్న హామీ) రక్షణ కూడా 2013 నాటికి ఉన్న పథకాలకే. రేపు కొత్తది పెడితే దానికి ఆ నీడా లేదు.

ఓట్ల కోసం మీ గుమ్మం తొక్కేవాళ్లు ఏ పార్టీవాళ్లయినా సరే, ఈసారి అడగండి: బాలిలో రాసిచ్చిన మాట మీద సంతకం ఎప్పుడు తెస్తారు?