పొట్టి గేరు

శివరాత్రి జాతరకు అల్లుళ్లు మేళ్లచెరువు రావడం మా ఇంట్లో ఆనవాయితీ. శంభులింగేశ్వర స్వామి స్వయంభువు. లింగం తల మీది గుంటలో నీళ్లు ఎప్పుడూ ఊరుతూనే ఉంటాయని ఊరందరికీ నమ్మకం. ఆ దర్శనం అయ్యాక ఎడ్ల పందేలు. పందేల మధ్యలో, ఎవరి కారు ఎలా ఉందో ఒకరికొకరు చూపించుకోవడం. పెద్ద బావది కోదాడ, చిన్న బావది మిర్యాలగూడ. ఇద్దరివీ సెకండ్‌హ్యాండ్ స్విఫ్టులే, ఒకటే మోడల్. తోడల్లుళ్ల పోటీ చూడాలంటే ఇద్దరికీ ఒకే రకం కారుంటే చాలు.

పెద్ద బావ కారులో గేరు వదులైపోయింది. న్యూట్రల్‌లో కర్ర పులుసులో గరిటెలా తిరిగేది. రెండో గేరు వేద్దామంటే నాలుగు పడేది. ఫోన్లో వీడియోలు చూసీ చూసీ, దీనికి మందు షార్ట్ షిఫ్టరేనని తేల్చేశాడు. ఆయన చెబుతుంటే నాకూ సబబుగానే అనిపించింది. గేరు కర్ర ఒక ఇరుసు మీద ఊగుతుంది. ఇరుసుకు పైభాగం తగ్గించి కిందిభాగం పెంచితే, చెయ్యి కాస్త కదిలినా గేరు పడుతుంది. ఊరికే ఏదీ రాదు కనుక, దూరం తగ్గిన మేరకు బలం ఎక్కువ పెట్టాలి. ఆ బిగువు చేతికి తెలియకుండా పైన బరువైన స్టీలు నాబ్ ఒకటి. డబ్బాలో కిట్టూ, విడిగా నాబూ కలిపి 12,000. మా అక్కకు చెప్పింది 4,000.

నాబ్ తనే తిప్పి పెట్టుకుని, కిట్టు బిగించడానికి కారును కోదాడలో చాచా షెడ్డుకు తీసుకెళ్లాడు. చాచా విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న మనిషి. అంబాసిడర్లకు గేరు స్టీరింగ్ పక్కనే ఉన్న రోజులవి. రాడ్ల కీళ్లు అరిగి గేరు ఇరుక్కుపోతే, నడిరోడ్డు మీద బానెట్ ఎత్తి చేత్తో విడిపించాల్సి వచ్చేది. ఆ బాధ పడలేక ఫ్లోర్ గేరు పెట్టించుకున్న వాళ్లకు ఆయనే ఎన్నో బిగించాడట. తీరా బిగించాక, ముందు సీట్లో మూడో మనిషికి చోటు పోయిందని టాక్సీవాళ్లు ఆయన్నే తిట్టేవాళ్లట. అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది గానీ చాచా నోట్లో ఇంకా ఆగలేదు.

బావ తెచ్చిన డబ్బా వంక ఆయన చూడను కూడా లేదు. బానెట్ ఎత్తి, గేరుబాక్సు దగ్గర కేబుల్ కొస పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. అది గలగలలాడింది. దాంట్లో ఉండాల్సిన ప్లాస్టిక్ బుష్ అరిగి, ఒక పక్క పగిలి, నల్లటి జిడ్డులో సగమే మిగిలింది.

"కర్ర పొట్టిదైతే ఏంది సార్, ఈడ ఇంత సందుంటే? ముందు బుష్‌లు మారుస్తా. నడిపి చూడండి. అప్పటికీ కావాలంటే మీ డబ్బా విప్పుదాం."

"ముందు అది బిగించు చాచా" అని బావ డబ్బా అక్కడే పెట్టి నన్ను బస్సెక్కించడానికి బయల్దేరాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతులో పండగ. హుజూర్‌నగర్ రోడ్డు మీద నడిపి చూశాడట, గేరు టక్కు టక్కున కూర్చుంటోందట. చాచా ఏదో చెప్పబోతే వినకుండా జేబులో 1,000 కుక్కి వచ్చేశాడట. "చూశావా, వస్తువంటే ఇదీ!"

జాతర రోజు చిన్న బావను పక్కన కూర్చోబెట్టుకుని, సిమెంటు లారీల సందుల్లోంచి మూడూ రెండూ మూడూ అంటూ గేర్లు మార్చి చూపించాడు. స్టీలు నాబ్ తళతళలాడుతోంది. చిన్న బావ కూడా ఒక రౌండు నడిపాడు. "బాగుంది" అన్నాడు, పన్ను పీకించుకుంటున్నట్టు ముఖం పెట్టి.

తిరిగొస్తుంటే వెనక టైరు పంక్చరైంది. స్టెప్నీ కోసం డిక్కీ ఎత్తింది చిన్న బావే. చాప కింద డబ్బా. సీలు టేపు కూడా ఊడలేదు.

"ఇదేందన్నా?"

పెద్ద బావ డబ్బా వంక చూశాడు. టేపు వంక చూశాడు. నా వంక చూశాడు.

"అదా... స్పేర్. మళ్లీ దొరుకుతుందో లేదోనని రెండు తెప్పించా."

"అయితే ఇది నాకిచ్చెయ్."

కారు జాకీ మీద ఉండగానే బేరం తెగింది. 10,000. ఫోన్‌పేలో వెంటనే పడ్డాయి. నాబ్ మాత్రం విడిగా కొనుక్కోమన్నాడు.

తర్వాతి ఆదివారం సూర్యాపేటలో పెళ్లి. కారులో బావ, పక్కన అక్క, వెనక అమ్మా నేనూ. ఫోన్ మోగింది. కారు స్పీకర్లకు కలిపి ఉండటంతో చాచా గొంతు అందరికీ వినబడింది.

"సార్, మిర్యాలగూడ నుంచి మీ తోడల్లుడంట, కారు తెచ్చిండు. డబ్బా మీరు తెచ్చిందే, నేను గుర్తుపట్టిన. మీ కారుకు ఎట్ల చేసిన్నో అట్లనే కావాలంటున్నడు. మరి ఈయనకు గూడ బుష్‌లు మార్చి డబ్బా డిక్కీల పెట్టమంటరా? ఇక్కడే ఉన్నడు, స్పీకర్ పెట్టిన, మీరే చెప్పండి."

బావ ఫోన్ కోసం చెయ్యి చాపేలోపే చిన్న బావ గొంతు వినబడింది.

"అన్నా, మరి నా పదివేలు?"

అక్క బావ వైపు తిరిగింది. "ఏ పదివేలు?"